కొండచుక్క వేరు

నా మనవరాలి చేతిలోని చెంచాను ఎంత గట్టిగా కొట్టానంటే, అందులోని పొడి వంటింటి గోడ మీద చిందింది.

ఇరవై ఏళ్ల పిల్ల. స్నేహితులతో అరకు వెళ్లి వచ్చింది. అద్దాల రైలు పెట్టె, బొంగులో చికెన్, కాఫీ తోటల్లో ఫోటోలు, అన్నీ అయ్యాక రోడ్డు పక్క దుకాణంలో ఒక చిన్న సీసా కొనుక్కుంది. దాని మీద అడవి రూబార్బ్ వేరు పొడి అని, కడుపు శుభ్రం చేస్తుందని, వంద శాతం ప్రకృతి సిద్ధమని ఇంగ్లీషులో రాసి ఉంది. రెండు నిండు చెంచాలు గోరువెచ్చని నీళ్లలో కలుపుకోబోతోంది. మూత తీయగానే వచ్చిన వాసనకు హాల్లో టీవీ చూస్తున్న నేను లేచి వెళ్లాను. పొగచూరిన గోనెసంచిలో పచ్చి పసుపు నిలవ చేస్తే వచ్చే వాసన అది.

"ఏంటి అమ్మమ్మా, పిచ్చి పట్టిందా?" అంది పిల్ల.

ముప్ఫై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసినదాన్ని. మోతాదు మించితే ఒంట్లో నీరంతా పోతుందని, మూత్రపిండాలు దెబ్బతింటాయని, ఆ మొక్క ఆకుల్లో రాళ్లు కట్టించే గుణం ఉందని దానికి విడమర్చి చెప్పాను. అది తలూపి సీసాను చెత్తబుట్టలో పడేసింది. నాకు ఇదంతా ఎలా తెలుసో మాత్రం చెప్పలేదు. నర్సింగ్ స్కూలు కంటే చాలా ముందే, పదేళ్ల వయసులో తెలిసింది నాకు.

మా నాన్న మిషన్ బడిలో టీచరు. విజయనగరం దగ్గరి పల్లెవాళ్లం. నాన్నను పెదబయలు వైపు కొండల్లో ఒక ఊరికి వేశారు. బస్సు దిగాక మూడు గంటల నడక. రెండు వాగులు దాటాలి. ఎర్రమట్టి గోడల ఇళ్లు ఓ నలభై, ఊరి చివర రేకుల కప్పుతో బడి. ఆదివారం అదే చర్చి. గంట బదులు చెట్టుకు కట్టిన రైలు పట్టా ముక్క ఉండేది. నాన్న దాన్ని సుత్తితో కొడితే ఎదురు కొండ తిరిగి కొట్టేది.

ఆ ఊరి వాసనలు నాకు ఇప్పటికీ విడివిడిగా గుర్తున్నాయి. వాన మొదలైన వారానికి వెదురు కొమ్ములు ఉడికే పులిసిన వాసన. తడిసిన మేకల వాసన. పొయ్యి మీద ఎండే పిప్పలి ఘాటు. ఆ రోజుల్లో తిండి గింజలు అడుగంటేవి. దాచిన మామిడి టెంకలను నానబెట్టి, కడిగి, పిండి కొట్టి అంబలి కాచేవారు. వగరుగా, జిగటగా ఉండేది. మా అమ్మ మాత్రం కింద నుంచి తెప్పించిన బియ్యమే వండేది. "మనం ఆలలాగ తింతే ఆల్లకీ మనకీ తేడా ఏటుంటాది?" అనేది. అప్పుడు అమ్మ కడుపుతో ఉంది.

ఊరి పెద్దకు ఒక కూతురు ఉండేది, నా తరగతే. ఇద్దరిదీ ఒకటే వయసు. ఆ పిల్ల నవ్విందంటే వాగవతల పశువులు కాసేవాళ్లు కూడా తలెత్తి చూసేవారు. చెట్టెక్కడంలో, రాయి విసరడంలో, ఎక్కాలు అప్పజెప్పడంలో అన్నింటా తనే ముందు. నాకు మంచి గౌను ఉండేది, కాళ్లకు చెప్పులు ఉండేవి. అవి తప్ప తన ముందు చూపించుకోవడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

వాగు ఒడ్డున చెమ్మ నేలలో ఒక మొక్క ఉండేది. మన చుక్కకూర జాతిదే కాని మోటుది. ఆకు అరచేతి కన్నా పెద్దది, కాడ వేలంత లావు. అక్కడివాళ్లు కొండచుక్క అనేవారు; మనవరాలి సీసా మీద రూబార్బ్ అని రాసి ఉన్నది ఇదే. బడి వదిలాక పిల్లలందరం ఆ కాడలు విరిచి, నార తీసి, అడ్డాకులో కట్టి తెచ్చుకున్న ఉప్పుకారంలో అద్దుకుని తినేవాళ్లం. పులుపుకు కళ్లు మూసుకుపోయేవి.

ఒకరోజు ఆ పిల్ల నాతో, "ఆకులో ఇంకా పులుపుంటాది. తినగలవేటి, మేష్టారి గుంటా?" అంది. గుంట అంటే అక్కడ ఆడపిల్ల.

అందరూ చూస్తున్నారు. నేను నాలుగు ముదురాకులు నమిలి మింగాను. కాసేపటికి నాలుక మీద సూదులు గుచ్చినట్టయింది. పెదాలు ఉబ్బాయి, గొంతు మండింది, కక్కుకున్నాను. మర్నాడు తరగతిలో కడుపు మెలిపెట్టి, లేచేలోపే నా మంచి గౌను పాడైపోయింది. ముందు నవ్వింది ఆ పిల్లే. తర్వాత బడంతా నవ్వింది. అప్పటి నుంచి నేను దారిలో కనబడితే చాలు, అందరూ ముక్కు మూసుకునేవారు.

నాకు నయం చేసింది వేర్లవ్వ. ఊరికి కాస్త దూరంగా ఒంటరిగా ఉండేది. మొగుడు పోయాడు, కూతురిని ఒడిశా వైపు ఊరికిచ్చింది. వేర్లూ మూలికలూ ఇస్తుంది కాబట్టి ఆ పేరు. నాన్నే తీసుకెళ్లారు. అవ్వ నా నోరు తెరిపించి చూసి, సున్నపు తేట కాస్త కాస్తగా తాగించింది. సాయంత్రానికి మంట తగ్గింది. ఆకులోని విషాన్ని సున్నం పట్టేస్తుందని నేను చదువుకున్నది చాలా ఏళ్లకు. అవ్వ ఏమీ చదువుకోలేదు.

తర్వాత నేను రోజూ అవ్వ దగ్గరికే పోయేదాన్ని. బడి పిల్లలు నాతో ఆడేవారు కాదు మరి. అవ్వ కొండచుక్క వేర్లు తవ్వి, కడిగి, చక్రాలుగా కోసేది. లోపల మామిడిపండు పసుపు. వాటిని పొయ్యి పైనున్న అటక మీద ఎండబెట్టి, దంచి, ఆనపకాయ బుర్రలో పోసి ఉంచేది. తామరకు నూరి పూసేది. సెగ్గడ్డలకు కట్టేది. జలగ కుట్టి రక్తం ఆగకపోతే అద్దేది.

ఒకరోజు నేను అడిగాను. "అవ్వా, విరేచనాలకీ ఇదే ఇస్తావు, విరేచనం అవకపోతేనూ ఇదే ఇస్తావేంటి?"

"గోరంత ఏత్తే కడతాది," అంది అవ్వ, తన బొటనవేలి గోరు చూపించి. "అరసెంచా ఏత్తే కడుపు కడిగేత్తది. అంతకు మించితే మనిసినే కడిగేత్తది. ముట్టకు."

అమ్మ పైకి మాత్రం అవి దెయ్యాల మందులనేది. ఒక మధ్యాహ్నం నాన్న లేనప్పుడు అవ్వను పిలిపించి తలుపు దగ్గరగా వేసింది. అయిదు రోజులుగా విరేచనం అవక కడుపు బిగిసిపోయి ఉంది, ఆ పొడి ఇమ్మంది.

"కడుపుతో ఉన్నదానికి ఇవ్వనమ్మగోరూ," అంది అవ్వ. "పిండం జారిపోద్ది. నువ్వు ఏడ్సినా ఇవ్వను. ఏన్నీళ్లు తాగు, పనసతొనలు తిను."

అవ్వ వెళ్లిపోయాక అమ్మ మొహం ఎర్రగా కందిపోయింది. "నాకు నేదంటాది, కొండముసిల్ది," అంది. ఆమెకు ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంటూనే ఉంది.

నా ఆలోచన చాలా చిన్నది. నన్ను చూసి ముందు నవ్విన ఆ పిల్ల కూడా తరగతిలో బట్టలు పాడుచేసుకోవాలి. అందరూ దాన్ని చూసి నవ్వాలి. అంతే.

అవ్వ నీళ్లకు వెళ్లినప్పుడు బుర్ర దించి, నోటుపుస్తకం కాగితంలో పొడి పోసుకున్నాను. ఎంత పోశానని తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా ఒక్కోసారి ఒక్కో లెక్క వస్తుంది. రెండు చెంచాలు అనుకుంటాను. కాగితం కొంచెం చిరిగి గౌను జేబులో కొంత రాలింది. ఇంటి వెనక రాతి మీద చింతపండు, బెల్లం, ఉప్పు, మిరపకాయ దంచి రెండు ఉండలు చేశాను. ఒకటి నాకు. రెండోదాంట్లో పొడంతా కలిపేశాను.

పొద్దున్న బడి దగ్గర ఆ పిల్లకు ఇచ్చాను. తను ఉండను చూసింది, నన్ను చూసింది.

"కోపం పోనాదా?" అంది.

"పోయింది," అన్నాను.

నా భుజం మీద చెయ్యి వేసి, బెంచీలో తన పక్కన నాకు చోటిచ్చింది. ఉండ మొత్తం తిని, వేళ్లు కూడా నాకింది.

మధ్యాహ్నం లెక్కలు జరుగుతుండగా లేచి పరిగెత్తింది. వచ్చి కూర్చుని మళ్లీ పరిగెత్తింది. మూడోసారి గుమ్మం దాటలేకపోయింది. తరగతి గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. నాన్న బెత్తం బల్ల మీద కొట్టి కసిరినా నా నవ్వు ఆగలేదు. ఆ నవ్వులో ఉన్న తీపి నాకు ఇంకా గుర్తుంది, దాన్ని దాచను.

మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు. ఎవరూ అనుమానపడలేదు. ఆ వారం సగం ఊరికి టెంక అంబలి పడక విరేచనాలు పట్టుకున్నాయి. మూడో రోజు ఆ పిల్ల తండ్రి మా ఇంటికి ఒక మనిషిని పంపాడు. నాన్న దగ్గర మిషన్ వాళ్లిచ్చిన మాత్రలు ఉండేవి. వాటిని పట్టుకుని బయల్దేరారు. నేను వెంటపడ్డాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు.

చాప మీద పడుకుని ఉంది. కళ్లు గుంటల్లోకి పోయాయి. పెదాల మీద తెల్లటి పొరలు. అవ్వ అప్పటికే అక్కడ ఉంది. పిల్ల పొట్ట మీద తోలు పట్టి వదిలింది. అది మడత పడి అలాగే నిలిచిపోయింది. పక్కనున్న గుడ్డ తీసి చూసింది, వాసన చూసింది.

"ఇది టెంక జబ్బు కాదు," అంది. "ఇది నా వేరు."

ఊరి పెద్ద భార్య, ఆ పిల్ల తల్లి, మెల్లగా తలెత్తింది. "నీ వేరా?"

"నానివ్వనేదు. నా బుర్రలో పొడి తగ్గింది. మేష్టారి గుంట రోజూ నాకాడే కూకుంటాది. దాన్నడగండి. ముందు దీనికి ఉప్పేసిన గంజి పొయ్యండి, బేగి. పోత్తానే ఉండండి."

గంజి గురించి ఎవరూ వినలేదు. అందరూ నా వైపు తిరిగారు. నాన్న వంగి నా మొహంలోకి చూశారు. "నిజమేనా?"

చాప మీది పిల్ల కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. పెదాలు కదిలాయి. అందరూ ఆమె మీదికి వంగారు. ఆమె అడిగింది నీళ్లు.

"లేదు నాన్నా," అన్నాను. అంతటితో ఆగి ఉంటే ఏమయ్యేదో. ఆగలేదు. "అవ్వే నాకూ ఏదో పెట్టబోయింది. నేను తినలేదు."

ఆ రెండో అబద్ధం ఎవరూ నేర్పింది కాదు. దానంతట అదే నోట్లోకి వచ్చింది.

మధ్యాహ్నం, కింద ఆసుపత్రికి తీసుకెళ్లడానికి డోలీ కట్టారు. దుప్పటిని వెదురు బొంగుకు కట్టి, పిల్లను అందులో పడుకోబెట్టి నలుగురు భుజాలకెత్తుకున్నారు. నాన్న కూడా వెళ్లారు. మొదటి వాగు దాటారు. రెండో వాగు ఛాతీ దాకా పొంగింది. నీళ్లు తగ్గడం కోసం ఒడ్డున కూర్చున్నారు. తగ్గేలోపే ప్రాణం పోయింది. పొద్దుండగానే తిరిగొచ్చారు. డోలీ వెళ్లినప్పటి కంటే మెల్లగా వచ్చింది.

నాన్న ఇంటికొచ్చి ఏమీ తినలేదు. నా గౌను తీసుకుని, పెరట్లో ఆయనే ఉతకడం మొదలుపెట్టారు. ఆయన బట్టలుతకడం నేను ఎప్పుడూ చూడలేదు. సబ్బు తగలగానే, పొడి రాలిన జేబు మీది పసుపు మరక రక్తంలా ఎర్రబడింది. ఆయన చేతులు ఆగాయి. నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. తర్వాత ఆయన ఆ జేబును తిరగేసి, మరక పోయేదాకా రాతికేసి రుద్దారు.

మర్నాడు పొద్దున్నే ఊళ్లో కేకలు. చిల్లంగి, చిల్లంగి అని. చేతబడిని అలాగే అంటారు అక్కడ. చిల్లంగి చేసినవాళ్ల పళ్లు రాలగొడితే మంత్రం నోట పలకదని వాళ్ల నమ్మకం. ఆ ఊళ్లో నాన్న మాటకు విలువ ఉండేది. ఆయన బడి గంట కొట్టి ఉంటే, అంతా వచ్చేవారు. ఆయన తలుపు గడియ పెట్టి, "ప్రార్థన చేసుకుందాం," అన్నారు.

అవ్వ అరుపు మొదట వినబడింది. అమ్మ పాట అందుకుంది. అరుపు పెరిగితే అమ్మ గొంతు పెంచింది. నన్నూ పాడమని మోచేత్తో పొడిచింది. నేను పాడాను. కొంతసేపటికి అరుపు మారిపోయి, మాటలు లేని మూలుగైంది. మేము రెండో పాట మొదలుపెట్టాం.

రెండు వారాలకు మేము ఊరు వదిలాం. నాన్న ఆరోగ్యం బాగోలేదని రాసి బదిలీ అడిగారు. దారి అవ్వ ఇంటి ముందు నుంచే. ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. నోటికి అడ్డంగా గుడ్డ కట్టుకుంది, చెంపలు లోపలికి పోయి మొహం సగమైంది. నన్ను చూసి, పక్కనున్న రాయి తీసి విసిరింది. బలం లేదు. రాయి సగం దూరంలోనే పడింది.

"సూసినావా, ఎంత పాడుబుద్దో," అంది అమ్మ.

చెల్లెలు క్షేమంగా పుట్టింది. నేను నర్సునయ్యాను. విరేచనాలతో వచ్చిన పిల్లలెంతమందికో సెలైన్ పెట్టాను. అలా పెట్టిన ప్రతిసారీ లోపల ఒక వాదన నడిచేది. అది వేరా, టెంక అంబలా, వాన నీళ్లా? రెండు చెంచాలతో పదేళ్ల పిల్ల పోతుందా? అంబలితో అప్పటికే కడుపు చెడి ఉందేమో. అవ్వ చెప్పిన ఉప్పు గంజి పోసి ఉంటే బతికేది, అది మాత్రం నాకు ఖాయంగా తెలుసు. మిగిలింది ఎటూ తేలేది కాదు. తేలనిదాని వెనకాల దాక్కుని చాలా ఏళ్లు హాయిగా బతికాను.

నాన్న పోయాక, నాకు యాభై దాటాక, ఒకసారి ఆ ఊరు వెళ్లాను. రోడ్డు పడింది. రెండు వాగుల మీదా వంతెనలున్నాయి. అవ్వ దెబ్బలు తిన్నాక కూతురి ఊరికి పోయి మూడేళ్లు బతికిందని చెప్పారు. ఊరి పెద్ద కూడా లేడు. ఆ పిల్ల తల్లి ఉంది. అరుగు మీద కూర్చుని అడ్డాకులతో విస్తర్లు కుడుతోంది. కోడలు కాఫీ ఇచ్చింది, నర్సునని తెలిసి, పిల్లలకు ఏమైనా అయితే అడుగుతానని నా ఫోన్ నంబర్ రాసుకుని పొలానికి వెళ్లింది. మేమిద్దరమే మిగిలాం.

చెప్పేశాను. ఉండ, జేబు, లేదన్న మాట, ఆ తర్వాతి మాట, అన్నీ.

ఆమె చేతులు ఆగలేదు. కుడుతూనే, "మీ అయ్యకి తెల్సా?" అంది.

"తెలుసు."

ఆకు చిరిగింది. దాన్ని పక్కన పడేసి ఇంకో ఆకు తీసుకుంది.

"మొదటి రాయి నాదే," అంది. "మగోళ్లు దాని కాళ్లూ సేతులూ అట్టుకున్నారు. కొట్టింది నాను. రాలిన పళ్లు నా సేతుల్తోనే ఏరి వాగులో పారేసినాను. నా గుంటని సంపినదాన్ని నానే సిచ్చించినానని, ఆ ఒక్కదాని మీద ఇన్నేళ్లు బతికినాను. నువ్వొచ్చి అది కూడా నేదంటావేటి?"

"నన్ను క్షమించమని..."

"నీ బరువు దింపుకోడానికి ఇంత దూరం వచ్చినావు. దింపుకున్నావు. నానెక్కడ దింపుకోవాల?"

ఆ ఆకు కూడా చిరిగింది.

"ఎల్లు," అంది. "బస్సు ఎల్లిపోద్ది."

వచ్చేశాను.

ఏడాదిన్నర తర్వాత కోడలు ఫోన్ చేసింది. అత్త పోయిందని చెప్పింది. నేను వచ్చి వెళ్లిన దగ్గర నుంచి గడప దాటలేదట. అన్నం ముట్టడం మానేసిందట. పళ్లన్నీ గట్టిగా ఉండి కూడా ఏదీ నమిలేది కాదట, అంబలి ఒక్కటే తాగేదట.

"మీరు పెద్దాసుపత్రిలో సేసినారు కదా, నర్సమ్మగోరూ. అది ఏటి జబ్బంటారు?" అని అడిగింది.

"వయసమ్మా," అన్నాను.